పాత కారు బేరం: అమ్మేవారి హక్కు, కొనేవారి హక్కు

‘అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి’ అన్న సామెత పాత కారు బేరానికి అతికినట్లు సరిపోతుంది. అమ్మేవారికి తమ బండికి తగిన ధర పలకలేదన్న దిగులు. కొనేవారికి లోపల ఏ లోపం దాగి ఉన్నదోనన్న భయం. ఇద్దరి మనసుల్లోనూ శంక ఉన్నా, బేరం మాత్రం నోటిమాటతోనే ముగుస్తున్నది. బయానా ఇవ్వడం, మిగతా సొమ్ము ముట్టజెప్పడం, తాళంచెవి, సి-బుక్కు పుచ్చుకుని బండి తోలుకుపోవడం జరిగితే వ్యవహారం తీరిపోయినట్లేనని ఉభయులూ భావిస్తున్నారు.

రుణాల మంజూరు కోసం, వసూళ్ల కోసం గ్రామాలు తిరిగే బ్యాంకు క్షేత్రాధికారిగా నేను గమనించినంతవరకు, చిక్కులు ఆ తరువాతనే మొదలవుతున్నాయి. ఏడాదో, రెండేళ్లో గడచిన పిమ్మట ఒక కోర్టు నోటీసు వస్తుంది. లేక బండి మీద తీరని అప్పు ఉన్నదని బయటపడుతుంది. అప్పుడు ఇద్దరూ కాగితాల కోసం వెతుకుతారు. వెతికితే దొరకడానికి, వ్రాసుకున్న కాగితమే ఉండదు.

నా అభిప్రాయం ఇది. పాత వాహనం చేతులు మారేటప్పుడు చట్టం అమ్మేవారికీ, కొనేవారికీ కూడా హక్కులు ఇచ్చింది. అయితే ఆ హక్కులు అడిగి తెలుసుకున్నవారికి, వ్రాసుకున్నవారికి, రవాణా కార్యాలయంలో పేరు మార్పించుకున్నవారికి మాత్రమే అక్కరకు వస్తాయి. పేరు మార్పు కొన్నవారి పని అని మన పల్లెల్లో ఒక నమ్మకం ఉన్నది. నిజానికి ఆ పని పూర్తికాకపోతే ఎక్కువగా నష్టపోయేది అమ్మినవారే.

అడగందే అమ్మైనా పెట్టదు

ఎద్దును కొనేటప్పుడు మన రైతు ఎంత జాగ్రత్తపడతాడో అందరికీ తెలిసినదే. పళ్లు చూసి వయసు లెక్కిస్తాడు. సుళ్లు చూస్తాడు. కాడి కట్టి నాలుగడుగులు నడిపిస్తాడు. అదే రైతు రెండు మూడు లక్షలు పెట్టి పాత కారు కొనేటప్పుడు, రంగు బాగున్నదనీ, తెలిసినవారి బండి అనీ సరిపెట్టుకుంటున్నాడు. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు సి-బుక్కులోని నంబర్లతో సరిపోయినదీ లేనిదీ చూసుకునేవారు బహు తక్కువ.

మన వస్తు విక్రయ చట్టం 1930 నాటిది. సరుకు నాణ్యతను చూచుకోవలసిన బాధ్యత సాధారణంగా కొనేవారిదేనని ఆ చట్టంలోని 16వ సెక్షను చెబుతున్నది. అంటే ఒక సామాన్య వ్యక్తి తన సొంత వాడకపు కారును మరొకరికి అమ్మినప్పుడు, నెల తిరగకముందే క్లచ్చి పోయిందని కొన్నవారు వచ్చి డబ్బు వెనక్కి అడిగే హక్కు ఉండదు. పాత బండిలో అరుగుదల సహజం. ఇది అమ్మేవారికి రక్షణ.

కొనేవారి రక్షణ ఎక్కడ ఉన్నదంటే, 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో ఉన్నది. మోసం అంటే ఏమిటో ఆ చట్టంలోని 17వ సెక్షను వివరిస్తూ, గుర్రం అమ్మకాన్ని ఉదాహరణగా తీసుకున్నది. గుర్రానికి జబ్బు ఉన్నదని తెలిసినా అమ్మేవాడు ఏమీ చెప్పక ఊరుకుంటే, అది ఒక్కటే మోసం కాదు. కాని కొనేవాడు, ‘నీవు కాదనకపోతే ఈ గుర్రం ఆరోగ్యంగా ఉన్నదనే అనుకుంటాను’ అని అన్నప్పుడు, అమ్మేవాడు తెలిసి కూడా మౌనంగా ఉంటే, ఆ మౌనం పలికిన మాటతో సమానం అవుతుంది. కార్లు మన దేశానికి రాకమునుపే వ్రాసిన ఈ ఉదాహరణ నేటి పాత కారు బేరానికి చక్కగా వర్తిస్తుంది. లోపాన్ని కావాలని కప్పిపుచ్చడం, అబద్ధం చెప్పడం ఎటూ మోసమే. అటువంటి బేరాన్ని రద్దు చేయించుకునే హక్కు 19వ సెక్షను కొన్నవారికి ఇచ్చింది.

కాబట్టి అడగడంలోనే కొనేవారి బలం ఉన్నది. అడగడానికి మొగమాటపడవద్దు. బంధువైనా, పొరుగువారైనా, ఇద్దరు సాక్షుల ఎదుట ఈ కింది ప్రశ్నలు అడిగి, జవాబులు ఒక కాగితం మీద వ్రాయించి సంతకం తీసుకోండి.

బండి ఎప్పుడైనా పెద్ద ప్రమాదానికి గురైనదా? వరద నీటిలో మునిగినదా? మీటరు వెనక్కి తిప్పించారా? ఇంజను మార్చారా, మార్చితే సి-బుక్కులో నమోదు చేయించారా? గ్యాస్ కిట్టు బిగించి ఉంటే అది నమోదైనదా? బండి మీద అప్పు ఉన్నదా? చెల్లించని చలానాలు, పోలీసు కేసులు ఉన్నాయా? ఇప్పటికి ఎంతమంది చేతులు మారింది?

వరద ప్రశ్న అనవసరమని అనుకోవద్దు. 2020 అక్టోబరులో హైదరాబాదులోను, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోను ఎన్నో కార్లు నీట మునిగాయి. అటువంటి బండిని కడిగి, సీట్లు మార్చి, సువాసన జల్లి అమ్మకానికి పెడితే పైచూపుకు తెలియదు. వైరింగులో తుప్పు కొన్ని నెలలకు గాని బయటపడదు. సీటు బెల్టును పూర్తిగా బయటకు లాగి చూడండి. చివర బురద మరక కనిపించవచ్చు. స్టెప్నీ పెట్టే గుంటలో, తివాచీ కింద చేయి పెట్టి చూడండి. మీకు నమ్మకమైన మెకానిక్కును వెంట తీసుకుపోవడం అన్నిటికన్నా మేలు.

నిజం చెప్పే అమ్మకందారుకు కూడా ఈ కాగితం మేలే చేస్తుంది. ‘బండి ముందు భాగం ఒకసారి దెబ్బతిన్నది, బాగు చేయించాను’ అని వ్రాసి ఇచ్చినవారిని, రేపు అదే కారణం చూపి ఎవరూ నిలదీయలేరు.

అమ్మేశాను కదా అంటే చెల్లదు

ఇక అమ్మేవారి సంగతి. డబ్బు పుచ్చుకుని బండి అప్పగిస్తే, వస్తు విక్రయ చట్టం ప్రకారం బండి కొన్నవారిదే కావచ్చు. కాని మోటారు వాహనాల చట్టం, 1988 దృష్టిలో సొంతదారు అంటే రిజిస్టరులో ఎవరి పేరు ఉన్నదో వారే. ఈ తేడా తెలియకనే పల్లెల్లో చాలామంది ఇబ్బందులలో పడుతున్నారు.

సుప్రీం కోర్టు 2018 ఫిబ్రవరిలో ఇచ్చిన ఒక తీర్పు ఈ విషయంలో అందరూ తెలుసుకోదగినది. ఒక కారు 2009లో ప్రమాదం చేసింది. ఒకరు మరణించారు. అప్పటికే ఆ కారు ఒకరి నుండి ఒకరికి పలు చేతులు మారింది. ఎవరూ పేరు మార్పించుకోలేదు. తాను 2007లోనే అమ్మేశానని రిజిస్టరులో పేరున్న వ్యక్తి వాదించాడు. ఆ వాదన నిలబడలేదు. బాధితులు చేతులు మారిన వరుసను పట్టుకుని ఒక్కొక్కరి వెంట తిరగవలసిన అవసరం లేదనీ, రిజిస్టరులో పేరున్న వ్యక్తే నష్టపరిహారానికి బాధ్యుడనీ న్యాయస్థానం చెప్పింది.

బీమా అమలులో ఉంటే పరిహారం బీమా సంస్థ చెల్లిస్తుంది. కాని కొన్నవారు బీమా కట్టడం మానివేస్తే ఏమవుతుంది? లైసెన్సు లేని కుర్రవాడి చేతికి బండి ఇస్తే ఏమవుతుంది? ఆ భారం వచ్చి రిజిస్టరులో పేరున్నవారి మీద పడుతుంది. ఎప్పుడో అమ్మేసిన కారు కోసం ఎకరం పొలం అమ్ముకోవలసిన స్థితి ఎవరికీ రాకూడదు.

ఇందుకు చట్టం చూపిన మార్గం కష్టమైనది కాదు. అదే రాష్ట్రంలో అమ్మినప్పుడు, అమ్మిన తేదీ నుండి 14 రోజులలో ఫారం 29 ద్వారా రవాణా అధికారులకు తెలియజేయవలసిన బాధ్యత అమ్మినవారిది. 30 రోజులలో ఫారం 30 ద్వారా పేరు మార్పునకు దరఖాస్తు చేసుకోవలసిన బాధ్యత కొన్నవారిది. వేరే రాష్ట్రానికి పోయే బండికి ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. అప్పుడు అమ్మినవారికి గడువు 45 రోజులు. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడిన తరువాత ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండు వేరు రాష్ట్రాలు. ఖమ్మంలో ఉన్నవారు నందిగామలో బండి కొన్నా, కర్నూలులో ఉన్నవారు గద్వాలలో కొన్నా ఈ నిరభ్యంతర పత్రం కావలసిందే. కొత్త రాష్ట్రంలో కట్టవలసిన పన్నును కూడా బేరానికి ముందే లెక్క వేసుకోవాలి.

సొంతదారు మరణించిన తరువాత ఆ బండిని కుమారులు అమ్మజూపుతూ ఉంటారు. మొదట ఫారం 31 ద్వారా వారసుల పేరు మీదికి మార్పించుకున్న పిమ్మటనే అమ్మకం జరగాలి. లేనిచో మిగిలిన వారసులు రేపు అడ్డు చెప్పే అవకాశం ఉన్నది.

ఖాళీ ఫారాల మీద సంతకం చేసి ఇచ్చే అలవాటును మాత్రం తక్షణం మానుకోవలసిందని మనవి చేస్తున్నాను. తేదీ లేదు, కొన్నవారి పేరు లేదు. ఆ ఫారాలు పట్టుకుని బండి దళారి నుండి మరొక దళారికి పోతూనే ఉంటుంది. ఆ కాలమంతా బండి మీ పేరుననే తిరుగుతుంది.

బీమా విషయం కూడా ఇక్కడనే చెప్పుకోవాలి. బండి చేతులు మారినప్పుడు ఎదుటివారికి జరిగే నష్టానికి సంబంధించిన బీమా, 157వ సెక్షను ప్రకారం కొన్నవారికి సంక్రమించినట్లే భావిస్తారు. అయినా కొన్నవారు 14 రోజులలో బీమా సంస్థకు దరఖాస్తు చేసుకోవాలి. బండికే నష్టం జరిగినప్పుడు వచ్చే పరిహారం మాత్రం పాలసీ తమ పేరునకు మారకపోతే కొన్నవారికి దక్కదు. క్లెయిము చేయనందుకు వచ్చే బోనసు అమ్మినవారిది. అది బండి వెంట పోదు.

‘కంతులు నీవే కట్టుకో’

మా బ్యాంకుల వారికి నిత్యం తారసపడే సమస్య ఇది. అప్పు మీద కొన్న కారుకు ఇంకా రెండేళ్ల కంతులు మిగిలి ఉంటాయి. సొంతదారుకు ఇబ్బంది వచ్చి, చేతికి కొంత సొమ్ము తీసుకుని, మిగిలిన కంతులు కట్టుకొమ్మని మరొకరికి బండి అప్పగిస్తాడు. బ్యాంకుకు తెలియనివ్వరు. కొన్నవారు నాలుగు కంతులు కట్టి ఆపివేస్తారు. అప్పు కాగితాల మీద సంతకం అమ్మినవారిది. నోటీసు వారికే వస్తుంది. హామీ ఉన్నవారికీ వస్తుంది. బండి కోసం వెళితే అది కొన్నవారి వాకిట్లో ఉంటుంది. అందరూ నష్టపోతారు.

చట్టం సంగతి చూద్దాం. మోటారు వాహనాల చట్టంలోని 51వ సెక్షను ప్రకారం, సి-బుక్కులో ఫైనాన్సు సంస్థ పేరు ఉన్నంతకాలం, ఆ సంస్థ వ్రాతపూర్వక అంగీకారం లేకుండా పేరు మార్పు నమోదు కాదు. అమ్మిన సరుకు మీద కొన్నవారికి తెలియని అప్పు భారం ఏదీ లేదన్న హామీ ప్రతి అమ్మకంలోనూ ఉన్నట్లేనని వస్తు విక్రయ చట్టం 14వ సెక్షను చెబుతున్నది. కాని అప్పు ఉన్నదని తెలిసి కొన్నవారికి ఈ హామీ వర్తించదు. కంతులు కట్టుకుంటానని ఒప్పుకుని బండి తీసుకున్నవారు, ఆ రక్షణను తామే వదులుకున్నట్లు.

సరైన పద్ధతి ఇది. ఇద్దరూ కలసి రుణం ఇచ్చిన శాఖకు రండి. ఆ రోజుకు తీరవలసిన బాకీ ఎంతో వ్రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. కొనేవారు ఆ మొత్తాన్ని నేరుగా రుణ ఖాతాలోనే జమ చేయాలి. మిగిలిన ధరను అమ్మేవారి ఖాతాకు పంపాలి. బాకీ లేదన్న పత్రం, ఫారం 35 బ్యాంకు నుండి తీసుకుని, సి-బుక్కులో ఫైనాన్సు పేరు తీసివేయించి, ఆ తరువాత పేరు మార్పించుకోవాలి. సొంత వాడకపు కారు అప్పు వంటి వ్యక్తిగత రుణాలు పూర్తిగా తీరిన 30 రోజులలోపల తన వద్ద ఉన్న అసలు పత్రాలు తిరిగి ఇచ్చి, రిజిస్ట్రీలో నమోదైన భారాన్ని బ్యాంకు తొలగించాలని రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబరులో ఆదేశించింది. 2023 డిసెంబరు 1 నుండి ఇది అమలులోకి వచ్చింది. బ్యాంకు తప్పు వలన ఆలస్యం జరిగితే రోజుకు రూ. 5,000 చొప్పున రుణగ్రహీతకు చెల్లించాలి. ఇది మీ హక్కు. అడగండి.

ఇక్కడ బ్యాంకుల వారికి కూడా ఒక మాట చెప్పక తప్పదు. బండి అమ్ముకుంటానని చెప్పడానికి వచ్చిన రుణగ్రహీతను దోషిని చూసినట్లు చూస్తే, ఆయన మరల శాఖ గడప తొక్కడు. చీకటి బేరాలకు అదే నాంది. వారంలో ఒక పూట అటువంటి వారి కోసం కేటాయించి, బాకీ లెక్క చెప్పి, ఫారాలు నింపడంలో తోడ్పడితే, వసూలుకు అంతకంటె మంచి మార్గం ఉండదని నా నమ్మకం. కొనేవారు అర్హులైతే పాత వాహనానికి వారి పేరుననే కొత్తగా రుణం ఇవ్వడం కూడా ఆలోచించదగినది.

వ్యాపారుల బాధ్యత

పాత వాహనాల వ్యాపారం చేసే మిత్రులకు ఒక మనవి. సొంత వాడకపు బండిని ఒకసారి అమ్మిన వ్యక్తి మీద వినియోగదారుల కమిషనులో ఫిర్యాదు సాధారణంగా నిలవదు. ఎందుకంటే ఆయన వ్యాపారి కాడు. మీరు వ్యాపారులు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం మీకు వర్తిస్తుంది. లోపాన్ని దాచి అమ్మితే కొన్నవారు రెండేళ్లలోపల ఫిర్యాదు చేయవచ్చు.

2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం మోటారు వాహనాల నియమాలను సవరించింది. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన ఆ సవరణ ప్రకారం, పాత వాహనాల వ్యాపారి రవాణా అధికారుల నుండి అధికార పత్రం పొందాలి. సొంతదారు తన బండిని అటువంటి వ్యాపారికి అప్పగించి, ఆ సంగతి నిర్ణీత పద్ధతిలో అధికారులకు తెలియజేస్తే, అప్పటి నుండి ఆ వ్యాపారినే సొంతదారుగా భావిస్తారు. షెడ్డులో ఉన్న బండిని సొంత పనులకు తిప్పుకోవడానికి వీలు లేదు. ఇది అమ్మేవారికి ఎంతో ఊరట. అధికార పత్రం ఉన్న వ్యాపారి వద్దకే ప్రజలు రావడం అలవాటైతే, నిజాయితీపరులైన వ్యాపారులకే లాభం.

సొమ్ము, రసీదు, తగవు

సొమ్ము అందనంతవరకు బండిని తన వద్దనే ఉంచుకునే హక్కు, అరువుకు ఒప్పుకోని అమ్మకందారుకు ఉన్నది. చెక్కు ఇస్తే అది ఖాతాలో జమ అయిన తరువాతనే తాళాలు ఇవ్వండి. ఒకే వ్యవహారంలో రూ. 2 లక్షలు గాని, అంతకు మించి గాని నగదుగా పుచ్చుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం 2017 ఏప్రిల్ 1 నుండి నిషేధించింది. పుచ్చుకున్నంత మొత్తమూ జరిమానాగా పడవచ్చు. ఆ జరిమానా పుచ్చుకున్నవారి మీదనే.

అప్పగింత కాగితంలో బండి నంబరు, ఛాసిస్, ఇంజను నంబర్లు, ధర, చెల్లించిన విధానం, మీటరు చూపే కిలోమీటర్లు, అప్పగించిన తేదీతోపాటు గంట, నిమిషం కూడా వ్రాయండి. ఆ సాయంత్రమే చలానా పడితే, బండి ఎవరి చేతిలో ఉన్నదో తేల్చేది ఆ గంటే. రెండు ప్రతులు తీసి చెరొకటి ఉంచుకోండి.

దొంగ బండిని తెలియక కొన్నా, అది అసలు సొంతదారుకే చెందుతుంది. అమ్మే హక్కు లేనివారి నుండి కొన్నవారికి సాధారణంగా హక్కు సంక్రమించదు. అమ్మినవారి మీద సొమ్ము కోసం దావా వేయవచ్చును గాని, బండి మిగలదు. అందుకే సి-బుక్కులోని పేరు, ఎదురుగా ఉన్న మనిషి ఒక్కరేనా అని గుర్తింపు కార్డుతో సరిచూడండి.

ఇంత చేసినా తగవు వస్తే, నేరుగా కోర్టుకు పోనవసరం లేదు. న్యాయ సేవల అధికార చట్టం, 1987 కింద ఏర్పడిన మండల న్యాయ సేవల కమిటీని ఆశ్రయించవచ్చు. స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయ సహాయం ఉచితం. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానం. అయితే అక్కడ కూడా మొదట అడిగేది కాగితమే.

పాఠకులలో ఇప్పటికే బండి అమ్మి, పేరు మారిందో లేదో చూసుకోనివారు చాలామంది ఉంటారు. వారు ఈ వారంలోనే పాత నంబరు పట్టుకుని రవాణా కార్యాలయానికి వెళ్లి, రిజిస్టరులో ఎవరి పేరు ఉన్నదో విచారించవలసిందని కోరుతున్నాను. ఇంకా తమ పేరే ఉంటే, కొన్నవారిని వెంటబెట్టుకుని ఫారాలు దాఖలు చేయండి. వారు రాకపోతే, అమ్మిన తేదీ, కొన్నవారి చిరునామా తెలుపుతూ రవాణా అధికారికి వ్రాతపూర్వకంగా తెలియజేసి రసీదు తీసుకోండి. దానివలన పేరు వెంటనే మారకపోవచ్చు. కాని మీరు చేతులు ముడుచుకుని కూర్చోలేదనడానికి ఒక ఆధారం ఉంటుంది.